పడవకు తగ్గ బండి

ఆ శనివారం ఉదయం ఖల్ఫాన్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి బయల్దేరాలి. హైవే పక్కన దర్విష్ దగ్గర అమ్మకానికున్న పదహారు అడుగుల పాత పడవను చూడాలి. నచ్చితే కొనాలి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చెయ్యాలి. భార్య జువైనాతో అదే చెప్పాడు. ఆమె రొట్టెలు కాలుస్తూ విన్నది. విని, మధ్యాహ్నానికి అతని వాటా బియ్యం కొలవలేదు. పదహారేళ్ల కాపురంలో ఆమెకు భర్త మీద కుదిరిన నమ్మకం అలాంటిది.

అసలు సంగతి పడవ కాదు, పళ్లెం.

ఖల్ఫాన్ కొండల మనిషి. బహ్లాలో పుట్టి, ఖర్జూర తోటల్లో పెరిగి, కరెంటు ఆఫీసు ఉద్యోగం మీద తీరానికి వచ్చి, తీరం పిల్లనే చేసుకున్నాడు. మామగారు మర్హూన్ నలభై ఏళ్లు పడవ నడిపిన సరంగు. ఆయన ఇంట్లో శుక్రవారం భోజనానికి మగవాళ్లకు చుట్టూ కూర్చుని కలిసి తినే పళ్లేలు రెండు పెడతారు. పెద్ద పళ్లెం సముద్రం నుంచి చేప తెచ్చినవాళ్లది. రెండోది పిల్లలది. ఖల్ఫాన్ పదహారేళ్లుగా రెండో పళ్లెం దగ్గర కూర్చుంటున్నాడు. నలభై నాలుగేళ్ల వయసులో, నెరిసిన గడ్డంతో, ఆఫీసులో పన్నెండుమంది మీద అధికారి అయ్యుండి, అన్నంలో బొమ్మ కారు పాతిపెట్టే మేనల్లుడి పక్కన. ఒకసారి బావమరిది ఖమీస్ పడవలో వెళ్లాడు. చేపలకు కడుపులోదంతా మేతగా వేసి వచ్చాడే తప్ప చేప తేలేదు.

ఇదైనా భరించేవాడే. కిందటేడు కొడుకు హైసమ్ మేనమామతో వెళ్లి ఓ టూనా పట్టుకొచ్చాడు. పద్నాలుగేళ్ల వెధవ ఆ శుక్రవారమే పెద్ద పళ్లేనికి మారాడు. మారి, అక్కణ్నుంచి తండ్రికి ఓ మంచి ముక్క పంపించాడు.

ఆ ముక్క ఖల్ఫాన్ గొంతులో ఏడాదిగా అడ్డంగా ఉంది. వంజరం చేపల మీద నిషేధం అక్టోబరు మధ్యలో ఎత్తేస్తారు. ఈసారి ఆ రోజు శుక్రవారం పడింది. నిన్నటి భోజనంలో, పిల్లల మధ్య నుంచి లేచి నిలబడి, వచ్చే శుక్రవారం తన సొంత పడవలో వెళ్లి తనే చేప తెస్తానని అందరి ముందూ ప్రకటించాడు. మర్హూన్ పళ్లలో ఇరుక్కున్న ముల్లు తీసుకుంటూ విన్నాడు.

"తీసుకురా నాయనా," అన్నాడు. "పళ్లెం ఎక్కడికీ పోదు."

ఇంకా ఆరు రోజులుంది.

పడవ చూడ్డానికి ఖమీస్ కూడా వచ్చాడు. ఖమీస్‌కు సముద్రం గురించి అన్నీ తెలుసు. ఖర్చయ్యే డబ్బు ఎవరిదన్నది మాత్రం ఒక్కోసారి గుర్తుండదు.

పదహారు అడుగుల పడవ బాగుంది. నీలం గీత, పదిహేను హార్స్ పవర్ ఇంజిను, అడుగున ఒక్కటే అతుకు. ఖల్ఫాన్‌కు నచ్చింది. దర్విష్ మాత్రం పడవ గురించి మాట్లాడలేదు. నేరుగా వెళ్లి ఖల్ఫాన్ కారు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక వైపు వంగి చూశాడు.

"దీంతోనా లాగేది?"

"చిన్న పడవే కదా," అన్నాడు ఖల్ఫాన్.

"పడవ చిన్నదే. ఒడ్డు చిన్నది కాదు. రోడ్డు మీద మేకైనా లాగుతుంది. మీ ఊరి ఇసుకలో ఈ కారు వెనక పడవ రాదు, బంపరొక్కటే ఊడివస్తుంది."

ముందు బండి చూసుకోమన్నాడు. రోడ్డు దాటితే మురాద్ అని ఒకడున్నాడు, నిజాయితీపరుడు, పాత బండ్లు అమ్ముతాడు అన్నాడు. ఆ మురాద్ తన చెల్లెలి మొగుడన్న సంగతి ఆ పూటకు చెప్పలేదు.

మురాద్ ఓ పికప్ చూపించాడు. ఖల్ఫాన్ బేరం మొదలుపెట్టబోయాడు. ఖమీస్ అడ్డుపడ్డాడు. ఇంత పికప్ కొని దాని వెనక పదహారు అడుగుల తొట్టి కట్టుకుంటే ఊళ్లో నవ్వుతారన్నాడు. పైగా వంజరాలు ఒడ్డున ఉండవు, రెండు గంటల దూరం పోవాలి, ఆ తొట్టిలో పోతే మనిషికి చేప దొరకడం కాదు, చేపకు మనిషి దొరుకుతాడన్నాడు. మళ్లీ రోడ్డు దాటారు.

దర్విష్ ఇరవై మూడు అడుగుల పడవ చూపించాడు. దానికి డెబ్బై అయిదు హార్స్ పవర్ ఇంజిన్లు రెండు. రెండెందుకని ఖల్ఫాన్ అడిగాడు. నడి సముద్రంలో ఒకటి ఆగిపోతే ఏం చేస్తావని దర్విష్ అడిగాడు. దువా చేస్తానన్నాడు ఖల్ఫాన్. దువాకు తోడు రెండో ఇంజిను ఉంటే మంచిదన్నాడు దర్విష్. మళ్లీ రోడ్డు దాటారు.

ఈసారి మురాద్ బరువు లెక్క చెప్పాడు. పడవ, రెండు ఇంజిన్లు, పెట్రోలు, ఐసు, ట్రైలరు, ఖమీస్. ఇదంతా కలిపి ఎండు ఇసుకలో ఎదురెత్తు మీదికి లాగాలంటే పికప్ నడుం విరుగుతుంది. నాలుగు చక్రాలూ తిరిగే పెద్ద జీపు కావాలి. జీపు చూపించాడు. జీపు చూశాక ఖమీస్‌కు ఇరవై మూడు అడుగులు మళ్లీ చిన్నగా కనిపించాయి.

అలా మధ్యాహ్నం దాకా ఆ రోడ్డు దాటుతూనే ఉన్నారు. ఇటు టీ, అటు టీ. పడవ పెరిగినప్పుడల్లా బండి చాలలేదు, బండి పెరిగినప్పుడల్లా పడవ ఆనలేదు. మూడింటికి దర్విష్ దగ్గర అన్నిటికంటే పెద్దది ఒక్కటే మిగిలింది. ఇరవై ఎనిమిది అడుగులు, పైన చిన్న గది, గదిలో మరుగుదొడ్డి కూడా. దాన్ని లాగగలిగింది మురాద్ దగ్గర ఒక్కటే ఉంది. చమురు బావుల దగ్గర ఎడారిలో కూరుకుపోయిన లారీల్ని బయటికి లాగడానికి పదిహేనేళ్లు పనిచేసి రిటైరైన ఆరు చక్రాల లారీ. ముందు ఇనుపతాడు చుట్టుకునే గిలక. వెనక మనిషి తలంత కొక్కెం. ఒళ్లంతా పసుపు రంగు. అమ్మడం ఇష్టం లేనట్టు మురాద్ దాని తలుపు మీద కాసేపు చెయ్యి వేసి నిలబడ్డాడు. అతిథుల్ని కూర్చోబెట్టే మజ్లిస్ గది కట్టడానికి ఖల్ఫాన్ దాచిన డబ్బు దర్విష్‌కూ మురాద్‌కూ సగం సగం పోయింది. పాత కారు కూడా అక్కడే ఉండిపోయింది. కుర్రతనంలో ఖర్జూరాల లారీ నడిపిన లైసెన్సు ఖల్ఫాన్‌కు ఇన్నాళ్లకు పనికొచ్చింది.

సాయంత్రం అస్ర్ నమాజ్ వేళకు సందు మొదట్లో చీకటి పడ్డట్టయితే జువైనా బయటికొచ్చి చూసింది. లారీ సందులో పట్టలేదు. దాని వెనక పడవ ఇంకా మెయిన్ రోడ్డు మీదే ఉంది. ఆమె లారీని ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. పడవను చూడ్డానికి రోడ్డు దాకా నడవాల్సి వచ్చింది.

"హైసమ్ నాన్నా, పడవ తెస్తానన్నారు," అంది తిరిగొచ్చి, భర్తతో. "రేవు కొనుక్కొచ్చారు."

ఇంటి దగ్గర పెట్టే చోటు లేదు కాబట్టి ఖల్ఫాన్ రెంటినీ సముద్రపొడ్డుకు తోలుకుపోయాడు. కథ అడ్డం తిరిగింది అక్కడే.

ఆ ఊళ్లో సిమెంటు రేవు లేదు. పడవను నీళ్లలోకి నెట్టాలన్నా, ఇసుక మీదికి లాగాలన్నా బండే దిక్కు. ఊరంతటికీ ఉన్నవి రెండు పాత జీపులు. అందులో ఒకదాన్ని రెండోది లాగాలి. పడవలు లాగే బండి ఒకటి ఇప్పించమని చేపలవాళ్ల పెద్ద సంగూర్ మూడేళ్లుగా ఆ ప్రాంతపు పాలనాధికారి వలీ కార్యాలయానికి అర్జీలు పెడుతున్నాడు. ఆ సాయంత్రం ఆయన పదిమందితో ఈతాకుల పందిరి కింద వలలు బాగుచేస్తూ కూర్చున్నాడు. అంత పొడుగు పసుపు లారీ దిబ్బ దాటి వచ్చింది. అందులోంచి తెల్లటి అంగీ, నలగని తలపాగాతో కరెంటు ఆఫీసు ఖల్ఫాన్ దిగాడు. తన అర్జీ ఫలించిందనుకున్నాడు సంగూర్. సర్కారు బండి, సర్కారు మనిషి. ఇంకేం కావాలి.

సలాములయ్యాయి. ఖల్ఫాన్‌ను కూర్చోబెట్టారు. సంగూర్ మర్యాద ప్రకారం అడిగాడు.

"ఏం కబురు?"

"ఏ కబురూ లేదు. అంతా మంచే," అన్నాడు ఖల్ఫాన్.

బహ్లాలో అయితే ఇది మాట మొదలు. కబురు అడిగితే లేదనే చెప్పాలి. తర్వాత కాఫీ పోస్తారు. మొదటి గిన్నె తాగాలి, రెండోది తాగాలి, అప్పుడు అసలు కబురు నెమ్మదిగా బయటపెట్టాలి. ఇల్లు తగలబడుతున్నా సరే, అంతే. అడగ్గానే చెప్పేవాణ్ని పెంపకం లేనివాడంటారు. తీరంలో అంత తీరిక లేదు. ఆటుపోట్లు కాఫీ కోసం ఆగవు. ఇక్కడ ఏ కబురూ లేదంటే ఏ కబురూ లేదనే. పదహారేళ్లు గడిచినా ఖల్ఫాన్ నోరు మాత్రం బహ్లాలోనే ఉండిపోయింది.

బండి సొంతానికి కొనుక్కున్నానని చెప్పడానికి అతను కాఫీ కోసం ఎదురుచూశాడు. ఫ్లాస్కు ఖాళీగా ఉంది.

ఈ బండి ఇక్కడే ఉంటుందా అని సంగూర్ అడిగాడు. ఇన్షా అల్లా అన్నాడు ఖల్ఫాన్. పడవలు లాగుతుందా అన్నాడు. ఇన్షా అల్లా. సంగూర్ వల పక్కన పడేసి లేచాడు. పదిమందీ లేచారు. ఖల్ఫాన్ నోరు తెరిచేలోపు ఎవరిదో పడవకు తాడు కట్టేశారు. లాగమని అడిగితే ఒడ్డున బండి ఉన్నవాడు కాదనకూడదు. అది ఆ ఊరి కట్టడి. కొండల నుంచి వచ్చిన అల్లుడు కాదన్నాడంటే మర్హూన్ మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? ఖల్ఫాన్ ఆ సాయంత్రం అయిదు పడవలు లాగాడు.

మర్నాడు ఆఫీసులు తెరవగానే సంగూర్ వలీ కార్యాలయానికి ఫోన్ చేసి కన్నీళ్లతో కృతజ్ఞతలు చెప్పాడు. ఫోనెత్తిన గుమాస్తాకు ఏ బండి గురించీ తెలియదు. కానీ ఆ కార్యాలయానికి అర్జీ కానిదేదైనా రావడం అదే మొదటిసారి. అతను ఆ కృతజ్ఞతల్ని కాగితం మీద రాసి, వలీ కింది అధికారి నాయబ్ వలీ బల్ల మీద పెట్టాడు. నాయబ్‌కూ తెలియదు. మత్స్యశాఖవాళ్లు తనకు చెప్పకుండా పంపి ఉంటారనుకున్నాడు. అడిగితే తెలియదన్న సంగతి తెలిసిపోతుందని అడగలేదు. మత్స్యశాఖకూ సంగూర్ ఫోన్ చేశాడు. వాళ్లూ అదే కారణంగా వలీ కార్యాలయాన్ని అడగలేదు.

ఇంట్లో జువైనాకు ఇదంతా అయిదు నిమిషాల్లో అర్థమైంది.

"నాలుగు మాటలు," అంది. "బండి నాది, పడవ నాది. వెళ్లి చెప్పి రండి."

"అడగ్గానే కబురు కక్కేస్తే మా నాన్న సమాధిలోంచి లేచొస్తాడు."

"రానివ్వండి. పడవ చాలా పెద్దది. ఆయనకూ చోటుంటుంది."

సోమవారం వెళ్లాడు. సంగూర్ కబురడిగాడు, ఏ కబురూ లేదు అంతా మంచే అన్నాడు, ఏడు పడవలు లాగి వచ్చాడు. మంగళవారం సొంతంగా కాఫీ ఫ్లాస్కు తీసుకువెళ్లాడు. తీరంవాళ్లు దాన్ని నిలబడే తాగేసి, రెండో గిన్నె దాకా రాకుండానే తాళ్లు పట్టుకున్నారు. అతని కాఫీ బాగుందని అందరూ అన్నారు. రేపు కూడా తెమ్మన్నారు.

బుధవారం నాయబ్ వలీ నుంచి పిలుపొచ్చింది. ఒడ్డున లారీ పెట్టినందుకు జరిమానా అనుకుని ఖల్ఫాన్ సంతోషించాడు. జరిమానా రాస్తే యజమాని పేరు రాయక తప్పదు. సంగతి దానంతటదే తేలిపోతుంది.

నాయబ్ లేచి కరచాలనం చేశాడు. కుర్చీ చూపించాడు.

"ఏం కబురు?"

"ఏ కబురూ లేదు. అంతా మంచే."

ఆ జవాబుతో నాయబ్ గుండె మీది బరువు దిగిపోయింది. లోతుగా అడగాల్సిన పని లేకుండా పోయింది. ఖల్ఫాన్ కాఫీ కోసం తలుపు వైపు చూశాడు. కాఫీ పోసే మనిషి సెలవులో ఉన్నాడు. నాయబ్ వాచీ చూసుకుని, శుక్రవారం పొద్దున తానే వచ్చి ప్రారంభోత్సవం చేస్తానని, ఈలోగా బండి కడిగించమని చెప్పాడు. తన బండిని కడిగి పెట్టమన్న ప్రభుత్వ ఉత్తర్వుతో ఖల్ఫాన్ మెట్లు దిగాడు. పోనీ వెనక్కెళ్లి చెప్పేస్తే అనుకున్నాడు. ఆపాటికే చెప్పాల్సినది ఒక్క మాట కాదు, అయిదు రోజుల మౌనానికి సంజాయిషీ కూడా. అది పన్నెండు గిన్నెల కాఫీకి తక్కువ తేలదు.

అయినా అతను లోపల ఓ ఏర్పాటు చేసుకున్నాడు. ఎవరిది బండి అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. శుక్రవారం తెల్లవారుతూనే తన పడవ నీళ్లలో పడాలి. ఒక్క వంజరం చాలు. పెద్ద పళ్లెం దగ్గర కూర్చున్నాక ఎవరేమనుకున్నా ఫరవాలేదు.

శుక్రవారం అయిదున్నరకు ఒడ్డున నలభై ఒక్క పడవలు వరసగా నిలబడి ఉన్నాయి. ఖల్ఫాన్ పడవ లారీ వెనకే సిద్ధంగా ఉంది. ఐసు వేశాడు, గాలాలు పెట్టాడు, కడుపు తిప్పకుండా మాత్ర కూడా మింగాడు. అప్పటికే లారీ ముక్కుకు ఎవరో ఎర్ర రిబ్బను కట్టేశారు. మిగిలిన రిబ్బను పారెయ్యడం ఎందుకని పడవకు కూడా చుట్టారు. సెలవురోజు అంత పొద్దున్నే నిద్ర లేచిన అధికారిని చూడ్డానికే సగం ఊరు వచ్చింది.

నాయబ్ చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. చేపలవాళ్ల కష్టాలు కార్యాలయానికి ఎప్పుడూ గుర్తుంటాయన్నాడు. ఇదిగో బండి అన్నాడు. అప్పుడు ఆయన చూపు వెనక పడవ మీద పడింది. దాని మీదా రిబ్బనుంది. ఆయన తెలివైనవాడు, తడబడలేదు.

"బండితోపాటు ఆపదలో ఆదుకునే ఈ పడవ కూడా," అన్నాడు. "మీరంతా క్షేమంగా తిరిగొచ్చేదాకా ఇది ఒడ్డు వదలదు."

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా ఖమీస్ కొట్టాడు. ఫొటోలు తీశారు. ఖల్ఫాన్ ఏదో అనబోయాడు. మామగారు మర్హూన్ ముందు వరసలో కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాడు. అల్లుడు ఇంత పెద్ద సర్కారు పని సాధించుకొచ్చి కూడా డప్పు కొట్టుకోలేదని ఆయన పక్కవాడితో అంటున్నాడు. ఖల్ఫాన్ నోరు మూసుకుని లారీ ఎక్కాడు.

నలభై ఒక్క పడవలనూ అతనే నీళ్లలోకి నెట్టాడు. ఆఖరి పడవ ఖమీస్‌ది. ముందు భాగంలో హైసమ్ కూర్చుని ఉన్నాడు.

"బావా, పెద్ద వంజరం దొరికితే నీకో ముక్క పంపిస్తాం," అన్నాడు ఖమీస్.

హైసమ్ తండ్రి మొహం చూడకుండా సముద్రం వైపు తిరిగాడు. వాడిలో ఇంకా కాస్త బుద్ధి మిగిలుంది.

ఎనిమిదయ్యేసరికి ఒడ్డున ఖల్ఫాన్, కరిగిపోతున్న ఐసు, మరుగుదొడ్డి ఉన్న పడవ మిగిలాయి. అతను లారీ నీడలో కూర్చుని మామగారింట్లో మధ్యాహ్నం భోజనం ఎలా మానెయ్యాలా, ఈ ఊరి నుంచి బహ్లాకు బదిలీ ఎలా అడగాలా అని ఆలోచించాడు. బదిలీ కాగితం మనసులోనే సగం రాసేశాడు.

పదకొండుకు మొదటి పడవ కనిపించింది. దాని వెనక ఇంకోటి. ఆ వెనక తక్కినవన్నీ. జుమా నమాజ్ పన్నెండు దాటాక. అంతమందీ ఒక్కసారే ఒడ్డెక్కాలి, స్నానాలు చెయ్యాలి, మసీదుకు చేరాలి. అలలు అప్పుడే లేస్తున్నాయి. పడవలు ఒకదాన్నొకటి రాసుకుంటూ వచ్చాయి. అందరూ ఒక్క పేరే పిలుస్తున్నారు. ఖల్ఫాన్ లాగడం మొదలుపెట్టాడు. గిలక తిరిగింది, ఇనుపతాడు బిగిసింది, మొదటి పడవ వెన్నలో కత్తిలా ఇసుక మీదికి వచ్చింది. పడవవాడు దిగి, తన చేపల్లోంచి ఓ వంజరం తీసి లారీ వెనక పడేసి వెళ్లిపోయాడు.

ఏదో పొరపాటనుకున్నాడు ఖల్ఫాన్. రెండోవాడూ పడేశాడు. మూడోది రెండు చేతులు చాచినంత పొడుగుంది.

"సంగూర్ బాబాయ్, ఇదేంటి?"

"కొక్కెం తగిలించిన చేతికి పడవకో చేప," అన్నాడు సంగూర్. "ఈ వారమంతా వంజరాల మీద నిషేధం కదా, అందుకే ఊరుకున్నాం. చెప్పకపోతే ఎలా తెలుస్తుంది, నువ్వు అడగవు కదా."

"బండి సర్కారుది అనుకుంటే?"

"బండి ఎవరిదైతే ఏం. వాటా చేతికి."

ఖల్ఫాన్‌కు ఆ తర్వాత బదిలీ కాగితం గుర్తు రాలేదు. నమాజ్ పిలుపుకు పది నిమిషాల ముందు ముప్పై తొమ్మిదో పడవ ఒడ్డెక్కింది. అది ఖమీస్‌ది. రెండు పడవలు ఇంకా రాలేదు, ఉత్తరాన వల చిక్కుకుందని, ఆలస్యమవుతుందని కబురొచ్చింది. ఖమీస్ పడవలో ఒకే ఒక్క వంజరం ఉంది. మోచేతికంటే చిన్నది. అతను దాన్నీ, లారీ వెనక గుట్టనూ, బావనూ చూశాడు. కట్టడి కట్టడే. ఆ ఒక్కటీ తీసి గుట్ట మీద పెట్టాడు.

"పెద్దది దొరకలేదా?" అని అడిగాడు ఖల్ఫాన్. అంతకుమించి ఒక్క మాట అనలేదు. బహ్లా పెంపకం.

మర్హూన్ ఇంట్లో ఆ మధ్యాహ్నం ముప్పై తొమ్మిది వంజరాలు దిగాయి. వంటింట్లో ఆడవాళ్లు చేపల్ని కాదు, పొయ్యిల్ని లెక్కపెట్టుకున్నారు. ఇన్ని చేపలు ఇంటివాళ్లే తినడం తప్పని మర్హూన్ నాయబ్‌నూ సంగూర్‌నూ ఇంకో పదిమందినీ నమాజ్ నుంచి నేరుగా పిలుచుకొచ్చాడు. పెద్ద పళ్లెంలో అన్నం కొండలా పోశారు. పైన నిప్పుల మీద కాల్చిన వంజరాలు, ఎండు నిమ్మకాయల వాసన. మర్హూన్ మధ్యలో నిలబడి తీర్పు చెప్పాడు.

"సముద్రం నుంచి చేప తెచ్చినవాడిది పెద్ద పళ్లెం అన్నాను. గాలం వెయ్యాలని నేనెప్పుడూ అనలేదు. ఖల్ఫాన్, నా పక్కకు రా. ఖమీస్, నువ్వు ఇవాళ ఏం తెచ్చావు?"

ఖమీస్ ఏమీ తేలేదు. హైసమ్‌నూ వెంటబెట్టుకుని పిల్లల పళ్లెం దగ్గరికి వెళ్లి, బొమ్మ కారు పక్కన చోటు చేసుకున్నాడు. వంటింటి తలుపు సందులోంచి జువైనా చూసింది. నవ్వింది అనడానికి సాక్ష్యం లేదు, కానీ గరిటె కింద పడింది.

ఖల్ఫాన్ మామగారికీ నాయబ్‌కూ మధ్య కూర్చున్నాడు. పదహారేళ్ల తర్వాత చూస్తే ఆ పళ్లెం అనుకున్నదానికంటే కూడా పెద్దది. చెయ్యి చాచాడు. అప్పుడే నాయబ్ మర్యాదగా అతని వైపు తిరిగాడు.

"ఏం కబురు?"

ఖల్ఫాన్ చెయ్యి గాల్లో ఆగింది. నోట్లో పాత జవాబు సిద్ధంగా ఉంది. కానీ ఈ మనిషి ఇవాళ పడవనిచ్చేశాడు, రేపు ఇల్లిచ్చేస్తాడు. ఖల్ఫాన్ మనసులో తండ్రికి క్షమాపణ చెప్పుకున్నాడు.

"ఉంది," అన్నాడు.

పళ్లెం చుట్టూ చేతులన్నీ ఆగిపోయాయి. అతను నాలుగు మాటలూ చెప్పేశాడు. బండి నాది. పడవ నాది. శనివారం కొన్నాను. కాఫీ రాక చెప్పలేకపోయాను.

నాయబ్ అన్నం వైపు చూశాడు. ఫొటోలతో సహా నివేదిక పొద్దున తొమ్మిదికే రాజధానికి వెళ్లిపోయింది. అందులో పడవ గురించి ఓ పేరా ఉంది. ఆయన నెమ్మదిగా ఓ ముద్ద కలిపి, నమిలి, మింగాడు.

"అయితే ఏ కబురూ లేదన్నమాట," అన్నాడు. "అంతా మంచే."

ఖల్ఫాన్ భయపడింది ఆయన గురించి కాదు, సంగూర్ గురించి. మూడేళ్ల అర్జీ మళ్లీ మొదటికొచ్చింది. ముసలాయన చేప వదిలేసి మోకాళ్ల మీద ముందుకు జరిగాడు.

"అంటే అది సర్కారుది కాదు?"

"కాదు బాబాయ్. నన్ను క్షమించు."

"నీ సొంతం?"

"నా సొంతం."

సంగూర్ మొహం వెలిగిపోయింది. రెండు చేతులూ ఎత్తి దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాడు.

"సర్కారు బండి రెండింటికి ఆగిపోతుంది. శుక్రవారం, శనివారం రాదు. టైరు పంచరైతే ముగ్గురు సంతకం పెట్టాలి. ఇన్నాళ్లూ నాకదే బెంగ," అన్నాడు. "ఊరి అల్లుడి బండికి సెలవేముంటుంది?"

పళ్లెం చుట్టూ అందరూ అవునవునన్నారు. ఎవరో ఖల్ఫాన్ ఫోన్ నంబరు అడిగారు. నంబరు పళ్లెం చుట్టూ తిరిగింది, గడప దాటింది, వీధిలోకి వెళ్లింది. నాయబ్ కూడా రాసుకున్నాడు. అంతలో ఫోన్ మోగింది. నంబరు సరైనదో కాదో చూడ్డానికి ఎవరో చేశారనుకుని ఖల్ఫాన్ తీశాడు. అందుకు కాదు. ఉత్తరాన ఉండిపోయిన రెండు పడవలూ వచ్చాయి. అలలు పెరిగాయి. త్వరగా రమ్మంటున్నారు.

అతను మామగారి వైపు చూశాడు. అప్పుడే కలిపిన మొదటి ముద్ద ఇంకా చేతిలోనే ఉంది. మర్హూన్ ఆ ముద్దను ఆప్యాయంగా తీసుకుని పళ్లెంలో పెట్టి, అల్లుడి భుజం తట్టాడు.

"వెళ్లిరా నాయనా. నీ చోటు ఇక్కడే ఉంటుంది."

మర్హూన్ మాట తప్పే మనిషి కాదు. ఆ సీజను పొడుగునా ప్రతి శుక్రవారం పెద్ద పళ్లెం దగ్గర ఖల్ఫాన్ చోటు అలాగే ఉంచారు. అందులో ఎవరూ కూర్చోలేదు, ఖల్ఫాన్‌తో సహా.